హక్కుల సంఘంలో విద్యార్థులుగా మేం నేర్చుకున్నవి

(గన్నవరంలో రైతు సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచినప్పుడు సంఘం కార్యదర్శి గారు ఒక్క మాటే అన్నారు. "చదువుకునే రోజుల్లో మీరు హక్కుల సంఘంలో తిరిగారు కదా, అక్కడ ఏం నేర్చుకున్నారో మావాళ్ళకు చెప్పండి. ఉపన్యాసం మాత్రం వద్దు" అని. అప్పట్లో విజయవాడలో చదువుకుంటూ కలిసి తిరిగినవాళ్ళం ఐదుగురం. ఇప్పుడు ఒకరు వకీలు, ఇద్దరు పంతుళ్ళు, ఒకరు సొంత ఊళ్ళో వ్యవసాయం, ఒకరు హైదరాబాదులో ఉద్యోగం. ఈ మాటలు అందరం ఫోన్లలో మాట్లాడుకుని, పోట్లాడుకుని రాసుకున్నవి కాబట్టి "మేం" అనే చెబుతాం. మధ్యలో విమానం వస్తే కాసేపు ఆగుదాం. గన్నవరంలో సభ పెట్టుకున్నాక అది తప్పదు.

మేం హక్కుల సంఘం గడప తొక్కింది పెద్ద పెద్ద మాటలు విని. ఎమర్జెన్సీ రోజులు, ఎన్‌కౌంటర్లు, కోర్టులు. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు చెప్పారు. 1977లో తార్కుండే గారి కమిటీ అక్కడికి వెళ్ళి, జనాన్ని కలిసి, వాళ్ళను పట్టుకుని కాల్చి చంపారని రాసింది. ఆ కమిటీలో మన కన్నబిరాన్ గారు ఉన్నారు. తర్వాత కాలంలో బాలగోపాల్ గారు కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే ఉద్యోగం వదులుకుని పూర్తికాలం ఈ పనిలోకి దిగారు. 2009 అక్టోబరు 8న ఆయన పోయారు. మేం ఆ మరుసటి ఏడాది చేరాం. అలాంటివాళ్ళ గురించి చదివి, మేమూ ఏదో ఘనకార్యం చేయబోతున్నామనుకుని వెళ్ళాం.

మొదటి మూడు నెలలు మాచేత జిరాక్సులు తీయించారు. కవర్ల మీద చిరునామాలు రాయించారు. సమాచార హక్కు దరఖాస్తులు రాయించారు, తప్పులున్నాయని మళ్ళీ రాయించారు. మాకు పని నేర్పిన పెద్దాయన హైస్కూల్లో లెక్కల మాష్టారుగా చేసి రిటైరయ్యారు. దరఖాస్తులో "సమగ్ర సమాచారం ఇవ్వగలరు" అని రాస్తే కొట్టేసేవారు. "సమగ్రం అంటే వాళ్ళకు నచ్చింది ఇస్తారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రిజిస్టరు, ఎన్నో పేజీ, అది అడుగు" అనేవారు. అప్పుడు విసుగ్గా ఉండేది. మాలో ఒకరు సగంలో మానేద్దామనుకున్నారు కూడా.

ఆ 2010 సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మే నెలలో లైలా తుఫాను. నవంబరులో జల్ తుఫాను. డిసెంబరులో కోతల మీద మళ్ళీ వానలు. సార్వా వరి కొంత చేలోనే పడిపోయింది, కొంత పనల మీద ఉండి మొలకలెత్తింది. కుప్ప వేసుకున్నవాళ్ళ ధాన్యం కూడా రంగు మారింది. ఆ వానలు వెలిసిన పది రోజులకు, ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న ఒక ఊరి నుంచి సంఘానికి ఫోను వచ్చింది. ఏడెకరాలు కౌలుకు చేసే ఆయన పురుగుమందు తాగి చనిపోయాడని. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. ఎందుకు చెప్పమో తర్వాత మీకే తెలుస్తుంది.

మేం ముగ్గురం మాష్టారితో వెళ్ళాం. చేతిలో నలభై ప్రశ్నల ఫారం ఉంది. ఎన్నెకరాలు, ఏ రకం విత్తనం, ఎవరి దగ్గర ఎంత అప్పు, వడ్డీ ఎంత, ఇలా అన్నిటికీ గళ్ళు గీసి పెట్టుకున్నాం. ఇంటి ముందు టెంటు ఇంకా విప్పలేదు. మాలో ఒకడు నిలబడే పెన్ను తీశాడు. ఆవిడ మమ్మల్ని చూసి, "మీరే ఆఫీసు నుంచి వచ్చారు బాబూ?" అంది. ఏ ఆఫీసూ కాదమ్మా, హక్కుల సంఘం అన్నాం. "మొన్న వచ్చినవాళ్ళూ రాసుకుపోయారు. మీరు రాసుకుపోతే ఏమొస్తుంది?" అంది. మాకు జవాబు తోచలేదు. మాష్టారు మా చేతిలోని ఫారం తీసి మడిచి ఆయన సంచిలో పెట్టుకున్నారు. "ఏమొస్తుందో నేనిప్పుడు చెప్పలేనమ్మా. రాకపోవచ్చు కూడా. మీకు చెప్పాలనిపిస్తేనే చెప్పండి, లేదంటే కాసేపు కూర్చుని వెళ్తాం" అన్నారు. అలాగే కూర్చున్నాం. ఓ అరగంట ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ అత్తగారు మొదలుపెట్టారు.

ఆ రోజు మాకు రెండు గంటలు పట్టింది. నలభై ప్రశ్నల్లో పాతికకు పైగా జవాబులు అడగకుండానే వచ్చాయి. మేం రాయని ప్రశ్నలకూ జవాబులు వచ్చాయి. కౌలు ఎకరాకు ఇరవై బస్తాల పైన. పంట పోయినా కౌలు ఇవ్వాలనేది ఒప్పందం. ఒప్పందం నోటిమాటే, కాగితం లేదు. నీళ్ళు దిగిన చేలో అపరాలు కూడా చల్లలేకపోయారు, ఆ మినుములే వాళ్ళకు ఏడాది చేతిఖర్చు.

అప్పటికి శవ పంచనామా అయిపోయింది. దాని నకలు తర్వాత తెప్పించి చూస్తే చావుకు కారణం "కడుపునొప్పి భరించలేక" అని ఉంది.

ఈ కడుపునొప్పి సంగతి మీలో పాతవాళ్ళకు తెలుసు. రైతు చనిపోతే కాగితాల్లో తరచుగా కనబడే జబ్బు ఇది. మేం కుర్రాళ్ళం, కోపం వచ్చింది, పోలీసులు కావాలని రాశారని అక్కడికక్కడే తేల్చేశాం. మాష్టారు ఒప్పుకోలేదు, కనుక్కోమన్నారు. కనుక్కుంటే తేలింది వేరు. ఆ మాట చెప్పింది చనిపోయినాయన బావమరిది. అప్పులని రాయిస్తే అప్పులవాళ్ళ మీద కేసవుతుందని, వాళ్ళంతా ఊళ్ళోవాళ్ళేనని, రేపు పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉందని ఎవరో పెద్దమనిషి చెవిలో వేశాడు. సంతకాలు పెట్టిన పంచాయతీదార్లకూ అదే మంచిదనిపించింది. రాసిన ఆయన అడిగినదానికి వచ్చిన జవాబు రాసుకున్నాడు. మాకు దుర్మార్గుడు కావాలి, దొరకలేదు. అందరూ ఎంతో కొంత మంచికే చేశారు. ఆ ఒక్క మాటతో ఆవిడకు రావలసింది ఆగిపోయింది.

ఎలా ఆగిపోతుందో కొత్తవాళ్ళ కోసం చెబుతాం. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి పరిహారం ఇవ్వడానికి 2004 జూన్ 1న 421 నంబరు జీవో వచ్చింది. అప్పుడు లక్షన్నర. లక్ష కుటుంబానికి, యాభై వేల వరకు అప్పుల పరిష్కారానికి. మన రాష్ట్రంలో అది 2015లో 5 లక్షలు, 2019లో 7 లక్షలు అయింది. మొదట మండలంలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారిస్తారు. తర్వాత డివిజన్‌లో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి తేలుస్తారు. వాళ్ళ ముందుకు వెళ్ళేసరికి ఉండేవి కాగితాలే. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రాలు. పంచనామాలో కడుపునొప్పి అని ఉంటే వ్యవసాయం వల్ల కాదంటారు. పాసుపుస్తకం లేకపోతే రైతే కాదంటారు. మా కేసులో రెండూ అన్నారు.

చనిపోయినాయన రైతేనని చూపించడం మా వంతయింది. నాలుగు నెలలు తిరిగాం. అంతకుముందు ఏడాది రైస్‌మిల్లులో ఆయన పేరు మీద తూకం చీటీ ఒకటి ఉందని ఆవిడ బియ్యం డబ్బాలోంచి తీసిచ్చింది. ఎరువుల కొట్టాయన ఖాతా పుస్తకంలో పేజీ జిరాక్సు ఇవ్వడానికి ముందు ఒప్పుకోలేదు. ఆయనా అప్పులవాడే, ఆయన భయం ఆయనది. మూడోసారి వెళ్ళినప్పుడు ఇచ్చాడు. పక్క చేలవాళ్ళు నలుగురు వాంగ్మూలం ఇచ్చారు. ఊడ్పుకు వెళ్ళిన కూలీ ఆడవాళ్ళు ఇద్దరు, ఏ రోజు ఏ మడిలో నాటారో, కూలి ఎవరి చేతి మీద తీసుకున్నారో చెప్పారు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆ కూలీలది. ఎందుకంటే వాళ్ళకు ఇందులో వచ్చేదీ పోయేదీ లేదు.

తర్వాత మాష్టారు పొలం యజమాని దగ్గరికి వెళ్దామన్నారు. మేం వద్దన్నాం. పంట మునిగినా కౌలు అడిగిన మనిషి గడప ఎక్కమన్నాం. "ఆయన మాట వినకుండా ఆయన గురించి రాస్తావా?" అన్నారు మాష్టారు. అయిష్టంగానే వెళ్ళాం. మేం ఊహించుకున్న భూస్వామి అక్కడ లేడు. విజయవాడలో అద్దె ఇల్లు, గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, తండ్రి ఇచ్చిన నాలుగెకరాలు. చనిపోయినాయన చేసిన ఏడెకరాల్లో ఇది నాలుగు. "నేను కౌలు అడగలేదు, సర్దుకున్నాక పంపమన్నాను" అన్నాడు. రెండుసార్లు మనిషిని పంపించాడని ఆవిడ చెప్పింది. కౌలు కాగితం ఎందుకు రాయలేదంటే, కాగితం మీద పేరెక్కితే పొలం తన చేతికి తిరిగి రాదని భయం. 1956 కౌలుదారీ చట్టం పేరు ఆయనకు తెలియదు. ఊళ్ళో ఎవరి పొలమో పోయిందని చిన్నప్పుడు విన్నాడు, అంతే.

తిరుగు బస్సులో మేం దెబ్బలాడుకున్నాం, ఎవరి మాట రాయాలని. ఇద్దరు చెప్పిందీ రాయండి, ఏది నిజమో తేలకపోతే తేలలేదని రాయండి అన్నారు మాష్టారు. ఆ రిపోర్టులో ఒక చోట "ఈ విషయం తేలలేదు" అని ఉంది. ఆ వాక్యం అప్పుడు మాకు ఓటమిలా అనిపించింది. డివిజన్ విచారణలో అధికారి ఆ యజమానిని పిలిపించినప్పుడు, ఆయన రిపోర్టు తెప్పించుకుని చదివాడు. తన మాట తాను చెప్పినట్టే ఉండడం చూసుకున్నాడు. సంతకం పెట్టలేదు గానీ, నా పొలం ఆయనే చేశాడని నోటితో చెప్పాడు. అధికారి దాన్ని రాసుకున్నారు. మేం కోపంతో రాసి ఉంటే ఆయన విచారణకు కూడా వచ్చేవాడు కాదని మా నమ్మకం.

ఇక మేం చేసిన తప్పులు రెండు చెబుతాం. ఇవి చెప్పడానికే వచ్చామన్నా తప్పు లేదు.

మొదటిది లెక్క. అప్పు మొత్తం 4,60,000 అని రాశాం. అందులో 80,000 బంగారం తాకట్టు అప్పు. నగలు ఆవిడవి, తాకట్టు పెట్టింది తమ్ముడి పేరు మీద. ఆవిడ చెప్పినప్పుడు ఒకసారి, తమ్ముడు చెప్పినప్పుడు ఒకసారి, రెండుసార్లు కలిపేశాం. అసలు అప్పు 3,80,000. మండలంలో ఆ తేడా పట్టుకున్నారు. "ఇదే తప్పయితే మిగతాదంతా నిజమని ఎలా నమ్మాలి?" అన్నారు. అడగడంలో తప్పేముంది? ఆ 80,000 వల్ల కేసు ఐదు నెలలు వెనక్కి పోయింది. అప్పు ఎక్కువ చూపిస్తే బాధ ఎక్కువ కనబడుతుందని లోలోపల మాకూ ఉందేమో. మొత్తం పెద్దదిగా వస్తే ఎవరమూ మళ్ళీ కూడి చూసుకోలేదు, చిన్నదిగా వచ్చి ఉంటే చూసుకునేవాళ్ళం.

రెండోది ఇంకా బాధ కలిగించేది. తెలిసిన విలేకరికి వివరాలిచ్చాం. ఆవిడను అడిగామా అంటే, అడిగాం. "మీ ఇష్టం బాబూ" అంది. ఆ మాటను ఒప్పుకోలు అనుకున్నాం. పేపర్లో ఆవిడ ఫొటో, పిల్ల ఫొటో, అప్పులిచ్చినవాళ్ళ పేర్లతో సహా వచ్చింది. వాళ్ళలో ఒకావిడ అదే వీధిలో ఉంటుంది. చీటీ పాడుకున్న డబ్బు నలభై వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చింది. ఆవిడా కూలికి వెళ్ళే మనిషే. పేపర్లో వడ్డీ వ్యాపారి అని పడింది. ఏడాది పాటు రెండిళ్ళ మధ్య మాటల్లేవు. కష్టంలో ముందుగా గిన్నెడు అన్నం తెచ్చిపెట్టింది ఆ ఇంటివాళ్ళేనని మాకు తర్వాత తెలిసింది. అందుకే ఈ రోజు ఊరి పేరు చెప్పలేదు. "మీ ఇష్టం" అన్న మనిషికి ఏది ఎక్కడ అచ్చవుతుందో, ఎవరు చదువుతారో విడమరిచి చెప్పి, మర్నాడు మళ్ళీ అడగాలి. వద్దంటే వదిలేయాలి, మన ఉద్యమానికి అది ఎంత పనికొచ్చేదైనా సరే.

(విమానం కోసం ఆగాం కదా, ఆ విమానాశ్రయం మాటా ఒకటి చెప్పుకుందాం.) దాని విస్తరణకు మన గన్నవరం రైతులు సుమారు 700 ఎకరాలు ఇచ్చారు. భూసమీకరణ లెక్కలో ప్లాట్లు పట్టాదారుకే. ఆ చేలు కౌలుకు చేసినవాళ్ళు, వాటిలో కూలికి వెళ్ళినవాళ్ళు ఎంతమందో ఈ హాల్లో ఎవరి దగ్గరైనా జాబితా ఉందా? 2013 భూసేకరణ చట్టంలో మూడేళ్ళుగా ఆ భూమి మీద బతికే కౌలుదారు, కూలీ కూడా బాధిత కుటుంబమే. సమీకరణ దారి పట్టాక ఆ మాట అడిగే చోటు లేకుండా పోయింది. అడగాలన్నా చేతిలో పేర్లు ఉండాలి.

పేర్లు అంటే ఈ గన్నవరానికి కొత్త విషయం కాదు. పుచ్చలపల్లి సుందరయ్య గారు ఇక్కడి నుంచి 1955లో, 1962లో, మళ్ళీ 1978లో శాసనసభకు గెలిచారు. ఆయన 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఇంటింటికీ భూమి ఎంత, ఎవరు ఎవరి పొలం చేస్తున్నారు, ఎవరు ఎన్ని రోజులు కూలికి పోతున్నారు అని సర్వే చేయించి, లెక్క కట్టి రాశారు. పరిశోధకులు 2005-06లో అదే ఊరికి వెళ్ళి మళ్ళీ లెక్క తీస్తే, మధ్యలో కౌలు ఎంత పెరిగిందో పోల్చి చూడడానికి వీలైంది. అంత పెద్ద నాయకుడికి ఆ ఊరి గురించి తెలియక కాదు. తెలుసనుకున్నదాన్ని కూడా ఇంటింటికీ వెళ్ళి అడిగాకే రాశారు.

మన రాష్ట్రంలో సాగు కమతాల్లో 42.4 శాతం కౌలు కమతాలని 2019 జాతీయ నమూనా సర్వే చెప్పింది, దేశంలో మనమే ముందు. అప్పుల్లో ఉన్న వ్యవసాయ కుటుంబాలు నూటికి 93. ఇవి ప్రభుత్వ లెక్కలు. అయినా మన సంఘాల మీటింగుల్లో రైతు అంటే ఇప్పటికీ కళ్ళ ముందు మెదిలేది పాసుపుస్తకం ఉన్న మనిషే. 2022లో దేశంలో వ్యవసాయం మీద బతికేవాళ్ళు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో సాగుదారులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. కూలీ చనిపోతే ఏ రైతు సంఘం వెళ్తోంది? వెళ్ళేవాళ్ళుంటే క్షమించండి, మాకు తెలియాలి.

ఇక్కడ కాస్త నొప్పి కలిగించే మాట అంటాం. హక్కుల సంఘంలో మాచేత చదివించిన పాత రిపోర్టుల్లో కారంచేడు, చుండూరు ఉన్నాయి. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. రెండూ మన కోస్తా ఊళ్ళే, నీళ్ళున్న ఊళ్ళే. చంపినవైపు ఉన్నవాళ్ళూ రైతులే. చుండూరు కేసుకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు సాక్ష్యం నిలవలేదని కొట్టేసింది. ఎనిమిది ప్రాణాలు పోయిన చోట పద్నాలుగు రోజులు, పద్నాలుగు నెలలు గడిచాక ఏ మాట నిలుస్తుందో, ఏది నిలవదో ఆ తీర్పు చదివాక మాకు మొదటి మూడు నెలల జిరాక్సుల పని మీద విసుగు పోయింది. మాలో ఇద్దరం రైతు కుటుంబాల పిల్లలం. ఆ రిపోర్టులు చదివి ఇంటికి వెళ్ళినప్పుడు, మా నాన్నల దగ్గర కౌలుకు చేసేవాళ్ళు ఎవరో, వాళ్ళ వాడ ఎటువైపు ఉందో అప్పుడు గమనించాం. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళోనే పెరిగాం.

ఆ చనిపోయినాయన కేసులో సాక్ష్యం చెప్పిన కూలీ ఆడవాళ్ళు ఆ వాడ వాళ్ళే. వాంగ్మూలం రాసుకున్నాక వాళ్ళలో పెద్దావిడ అడిగింది. "మా ఇంట్లో చచ్చిపోతే కూడా వస్తారా నాయనా?" వస్తామన్నాం. తర్వాత రెండేళ్ళలో ఒకసారి ఫోను వచ్చింది. పరీక్షలని వెళ్ళలేదు. దీనికి మేం చెప్పుకోగలిగింది ఏమీ లేదు.

ఇప్పుడు సంఘం విద్యార్థులను పిలుస్తోంది, సంతోషం. వాళ్ళను జెండాలు మోయడానికి, సభకు జనం కావాలని మాత్రమే పిలవకండి. పని ఇవ్వండి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి, దాని గడువు పదకొండు నెలలు. అంతకుముందున్న 2011 చట్టంలో రుణ అర్హత కార్డుకు ఆ సంతకం అక్కర్లేకపోయేది. ఈ తేడా వల్ల ఒక్కో ఊళ్ళో ఎంతమంది కార్డు లేకుండా ఉన్నారో పేర్లతో సహా రాయమనండి. సెలవుల్లో ఇద్దరు పిల్లలు ఒక ఊరు పూర్తి చేయగలరు. మేం చేశాం. యజమానులను కూడా కలవమనండి. సంతకం ఎందుకు పెట్టరో వాళ్ళ మాటల్లోనే రాసుకురమ్మనండి, అది చదివితే ప్రభుత్వంతో ఏం మాట్లాడాలో మనకే తెలుస్తుంది. దరఖాస్తులు రాయడం నేర్పండి. సమాచార హక్కుకు గ్రామంలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మానవ హక్కుల కమిషన్‌కు తెల్లకాగితం మీద రాసి పంపినా చాలు, సంఘటన జరిగిన ఏడాది లోపు పంపాలి. గడువు దాటాక ఎంత అన్యాయమైనా తీసుకోరు. మన కమిషన్‌కు పోస్టులో పంపండి, రసీదు దాచండి.

చావు జరిగిన ఇంటికి మాత్రం పిల్లలను ఒంటరిగా పంపకండి. మాష్టారు వంటి మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ మొదటి రోజే, ఆసుపత్రి దగ్గరే, సంఘం మనిషి ఒకరు ఉండాలి. పాత 174 సెక్షన్, ఇప్పటి కొత్త చట్టంలో 194, దాని కింద పంచనామా రాసేటప్పుడు కుటుంబానికి ధైర్యం చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పమనే మనిషి కావాలి. అప్పులున్నాయని చెప్పినంత మాత్రాన అప్పిచ్చినవాళ్ళందరి మీదా కేసు కాదని చెప్పగలిగే మనిషి కావాలి. మా కేసులో అలాంటివాళ్ళు ఒక్కరున్నా రెండేళ్ళ తిప్పలు ఉండేవి కావు. అప్పటికి మనం ఇంకా బస్సులో ఉన్నాం.

ఆవిడకు పరిహారం 2013 మార్చిలో వచ్చింది. ఇరవై ఆరు నెలలు పట్టింది. అప్పుల కోసం వచ్చిన యాభై వేలలో ఎవరికెంత అనే దగ్గర మళ్ళీ గొడవ. చీటీ డబ్బు ఇచ్చిన ఆవిడ తనకు ముందు వద్దని, ఎరువుల కొట్టుకు ముందు ఇవ్వమని చెప్పింది, వచ్చే ఏడాది ఆ కొట్టు అప్పు ఇవ్వకపోతే వీధి మొత్తానికి కష్టమని. ఈ సంగతి మా రిపోర్టులో లేదు, అప్పటికి రిపోర్టు రాసేశాం.

ఆడపిల్ల పెళ్ళయింది. ఆవిడ ఇప్పుడు రెండెకరాలు కౌలుకు చేస్తోంది, ఇంకొకరి పొలం. మొన్న మేం ఈ ప్రసంగం రాసుకుంటూ ఫోను చేసి, మీ సంగతి పేరు లేకుండా చెప్పుకోవచ్చా అని అడిగాం. "మర్నాడు చెబుతా" అంది. మర్నాడు తనే చేసి, చెప్పుకోమంది. చీటీ ఆవిడ సంగతి కూడా చెప్పాలంది, ఆవిడను వడ్డీ వ్యాపారి అన్నారు కాబట్టి. కౌలు కార్డుకు అర్జీ పెట్టిందట. ఈ యజమాని కూడా సంతకం పెట్టలేదు. అర్జీ నకలు వాట్సాప్‌లో పంపింది, ప్రింటు తెచ్చాం. భోజనాలయ్యాక కార్యదర్శి గారికి ఇస్తాం. ఆ మండలం నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే దయచేసి అప్పటిదాకా ఉండండి.